వచనం లేని సమ్మె: జాక్ దెమీ ‘ఉన్ షాంబ్ర్ ఆన్ వీల్’

పద్యనాటకాలు చూసి పెరిగినవారికి పాత్రలు కోపాన్నీ దుఃఖాన్నీ రాగంలో పలకడం కొత్త కాదు. అయితే ఎంత దీర్ఘంగా రాగం తీసిన నటుడైనా పద్యం ముగియగానే వచనంలోకి దిగుతాడు, మనమూ అతనితో పాటు ఊపిరి తీసుకుంటాము. ఫ్రెంచ్ దర్శకుడు జాక్ దెమీ 1982లో తీసిన ‘ఉన్ షాంబ్ర్ ఆన్ వీల్’ (పట్టణంలో ఒక గది అని అర్థం) అనే చిత్రం ఆ ఊపిరి తీసుకునే చోటును పూర్తిగా తొలగించింది. ఇందులో గది అద్దె గురించిన మాటా, తల్లీకూతుళ్ల తగవూ, నినాదాలూ, గుంపును చెదిరిపొమ్మనే పోలీసు హెచ్చరికా అన్నీ వాద్యబృందం మీద పాడినవే.

కథాస్థలం పశ్చిమ ఫ్రాన్సులోని నాంత్ నగరం, కాలం 1955. ఆ ఏడాది వేసవిలో సెంట్ నజేర్ నౌకా నిర్మాణశాలలో జీతాల కోసం మొదలైన పోరాటం నాంత్‌కు పాకి, ఆగస్టులో అక్కడి వీధుల్లో పోలీసులతో ఘర్షణగా మారింది. జాన్ రిగోలే అనే తాపీ కార్మికుడు తుపాకీ గుండుకు బలయ్యాడు. దెమీ పెరిగింది ఆ నగరంలోనే, ఆయన తండ్రి అక్కడ మోటారు గ్యారేజీ నడిపేవాడు. యాభైల దశకంలో ఒక నవలగా ఊహించుకున్న ఈ కథను తెరకెక్కించడానికి ఆయనకు దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. తొలి దృశ్యంలో కెథడ్రల్ దగ్గరి వీధిలో ఒకవైపు సమ్మె కార్మికులు, మరోవైపు పోలీసులు వరుస కట్టి నిలబడి ఉంటారు. నలుపు తెలుపుల్లో ఉన్న ఆ దృశ్యంలోకి క్రమంగా రంగులు చేరుతాయి. రెండు వరుసలూ ఒకరినొకరు పాటతోనే ఎదిరించుకునే తీరు చూసినప్పుడు మొదటి నిమిషం నవ్వు వస్తుంది. రెండో నిమిషానికి రాదు.

ఫ్రాన్స్వా (రిషార్ బెరీ) నౌకా నిర్మాణశాలలో ఫిట్టర్. సైన్యంలో కల్నల్‌గా పనిచేసిన భర్త పోయాక ఒంటరిగా మిగిలిన ఒక బారనెస్ (కులీన వంశపు బిరుదున్న స్త్రీ) ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉంటాడు. అతనిని నమ్ముకున్న వియొలెత్ అనే అమ్మాయి గర్భవతి. బారనెస్ కూతురు ఎదిత్ (దొమినిక్ సాందా) టీవీల దుకాణం యజమాని ఎద్మోన్‌ను పెళ్లాడి, అతని అనుమానాన్నీ పిసినారితనాన్నీ భరించలేక, ఒంటి మీద బొచ్చుకోటు తప్ప మరేమీ లేకుండా రాత్రివేళ నగరం మీద తిరుగుతుంటుంది. ఒక లోహకార్మికుడిని ప్రేమిస్తావని జాతకం చెప్పే ఆవిడ ఆమెతో ముందే అని ఉంటుంది. కథ ఇక్కడి నుంచి ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. దెమీ కూడా దాచే ప్రయత్నం చేయలేదు.

నన్ను ఈ చిత్రం దగ్గర నిలబెట్టింది ప్రేమజంట కాదు, ఇంటి యజమానురాలు. అప్పటికి 65 ఏళ్ల దానియెల్ దారియూ పోషించిన ఈ బారనెస్ కిటికీలోంచి సమ్మెను చూస్తూ, అద్దెకున్నవాడితో వాదించి, మరుక్షణమే అతనితో కలిసి మద్యం తాగుతుంది. తనను బూర్జువా అన్నందుకు మండిపడి, తాను బారనెస్‌నని, బూర్జువాలంటే తనకు గిట్టదని తిప్పికొడుతుంది. ఆస్తి కరిగిపోయిన కులీనురాలికి కార్మికుడి మీద ఉన్నది జాలి కాదు, ఒక విధమైన అసూయ. పోరాడటానికి అతనికి ఒక కారణం ఉంది, ఆమెకు మిగిలింది గదులు మాత్రమే. వర్గాల మధ్య ప్రేమ గురించి వచ్చిన చిత్రాలు సాధారణంగా ఇద్దరు యువతీయువకుల మధ్య గోడను చూపిస్తాయి. ఇక్కడ ఆ గోడ ఎంత పాతబడి, ఎక్కడెక్కడ పెచ్చులూడిందో ఈ ముసలావిడ గొంతులో వినిపిస్తుంది. సాందా, బెరీ, ఎద్మోన్‌గా నటించిన మిషెల్ పికోలీల పాత్రలకు వేరే గాయకులు గొంతు ఇవ్వగా, దారియూ తన పాట తానే పాడింది. ఆ తేడా చెవికి తెలుస్తుంది: ఆమె మాట తడబడిన చోట పాటా తడబడుతుంది. వియొలెత్‌గా నటించిన ఫాబియెన్ గియోన్ కూడా సొంత గొంతుతోనే పాడింది.

పికోలీ పోషించిన ఎదిత్ భర్త పాత్రకు తెర మీద ఉన్న సమయం తక్కువ. ఎర్రటి గడ్డం, ఆకుపచ్చ గోడల దుకాణం, చేతిలో మంగలికత్తి. వీటితోనే ఆయన ఒక చిన్న వ్యాపారి ప్రపంచం ఎంత ఇరుకైనదో ఊపిరాడకుండా చెప్పేశాడు. ఆ దుకాణం ఉన్నది పాసాజ్ పొమ్మరే అనే పాతకాలపు వాణిజ్య మార్గంలో. 1961లో వచ్చిన దెమీ తొలి చిత్రం ‘లోలా’లో పాత్రలు తిరిగిన చోటూ అదే. దుకాణంలోని హింసాత్మక దృశ్యాన్ని తట్టుకోలేనివారు ముందే సిద్ధపడటం మంచిది.

సంగీతం విషయంలో నా అభిప్రాయం మిశ్రమమే. దెమీ 1964లో తీసిన ‘లె పారాప్లుయి ద షెర్బూర్’ కూడా ఆద్యంతం పాడిన చిత్రమే, దాని స్వరాలను మిషెల్ లెగ్రాన్ కూర్చాడు. ఒకసారి విన్నవారి నోట ఆ బాణీలు వారాల తరబడి ఆడుతూ ఉంటాయి. ఈ కథకు లెగ్రాన్ సంగీతం ఇవ్వడానికి అంగీకరించకపోవడంతో మిషెల్ కొలంబియే ఆ బాధ్యత తీసుకున్నాడు. ఆయన సంగీతం బరువైనది, ఉద్రిక్తమైనది. సమ్మె ఘట్టాల్లో బృందగానం నిజంగా గుండె మీద గుద్దినట్టు ఉంటుంది గానీ, ఇంటికి వెళుతూ కూనిరాగం తీయగల పాట ఒక్కటీ దొరకదు. ప్రేమ ఘట్టాల్లో ఈ లోటు బాగా తెలుస్తుంది. ఒక్క రాత్రిలో ఇద్దరు మనుషులు ప్రాణాలిచ్చుకునేంత ప్రేమలో పడ్డారని నమ్మించవలసిన భారం సంగీతం మీదే ఉన్నప్పుడు, ఆ సంగీతం మాటల వెనుక నడిచిందే తప్ప ముందుకు రాలేదు. వియొలెత్‌కు జరిగిన అన్యాయాన్ని కథ తొందరగా దాటేసిందని కూడా నాకు అనిపించింది. ఆ అమ్మాయీ కార్మికుల ఇంటి పిల్లే. వర్గం గురించి ఇంత ఆలోచించిన దర్శకుడు, తన వర్గపు అమ్మాయిని వదిలి కులీనురాలి కూతురి వెంట పోయిన కథానాయకుడిని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

విడుదలైనప్పుడు ఈ చిత్రం వ్యాపారపరంగా దెబ్బతింది. ఫ్రెంచ్ అగ్రనటుడు జాన్ పోల్ బెల్మోందో నటించిన భారీ వినోద చిత్రం అదే రోజుల్లో థియేటర్లను నింపేయగా, దెమీ చిత్రాన్ని చూడండని విమర్శకులు పత్రికల్లో ప్రకటన వేశారు, దానికి బెల్మోందో బహిరంగ లేఖతో జవాబిచ్చాడు. ఫ్రెంచ్ సినిమా రంగపు సెజార్ పురస్కారాలకు 9 నామినేషన్లు వచ్చినా ఒక్కటీ దక్కలేదు.

ఇప్పుడు చూడదలచినవారికి 2014లో క్రైటీరియన్ అనే అమెరికన్ వీడియో సంస్థ వెలువరించిన దెమీ చిత్రాల సంపుటిలో ఇదీ ఉంది. ఫ్రెంచ్ రానివారు సబ్‌టైటిల్స్ మీద ఆధారపడక తప్పదు గనుక, మొదటిసారి కథ కోసం చూసి, రెండోసారి అక్షరాలను వదిలేసి గొంతుల కోసం, ముఖ్యంగా దారియూ గొంతు కోసం చూడమని నా సలహా. దెమీని ఇంతవరకు చూడనివారు షెర్బూర్ చిత్రంతో మొదలుపెట్టి, ఆ రంగుల తీపి నాలుక మీద ఉండగానే దీనికి రావడం మేలు.