నాట్స్ అప్రెంటిస్ పథకంతో ఆరేళ్లు: మా జీవ శిలీంద్రనాశిని యూనిట్ అనుభవం

నల్గొండ శివార్లలో మాది చిన్న యూనిట్. ట్రైకోడెర్మా విరిడి పొడి తయారు చేస్తాం. మొక్కలకు తెగుళ్లు తెచ్చే శిలీంద్రాలను అణిచే మేలైన శిలీంద్రం ఇది. కొనేవాళ్లలో ఎక్కువ మంది బత్తాయి రైతులే. వేరుకుళ్లు రాకుండా మాగిన పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి చెట్టు పాదుల్లో వేసుకుంటారు. 2019 చివర్లో ఏడుగురం పనిచేస్తున్నప్పుడు నాట్స్‌లో, అంటే చదువు పూర్తైన పిల్లలకు పనిలో శిక్షణ ఇప్పించే కేంద్ర పథకంలో, చేరాం. అప్పటి నుంచి తొమ్మిది మంది బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ డిగ్రీ పిల్లల్ని తీసుకున్నాం. నాలాంటి చిన్న యజమానులు ఫోన్ చేసి మరీ "ఇది మనకు పనికొస్తుందా?" అని అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు లెక్క చెప్తా. మేం చేరిన నాటికి డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీస స్టైపెండ్ 9,000 రూపాయలు. అందులో సగం, అంటే 4,500, కేంద్రం భరించేది. శిక్షణ ఏడాది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం వీళ్లు శిక్షణలో ఉన్నవాళ్లే కానీ కార్మికులు కారు కాబట్టి పీఎఫ్ ఉండదు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు. మేం మాత్రం 12,000 ఇచ్చాం. ఊరి నుంచి వచ్చి, గది అద్దెకు తీసుకుని వండుకునే పిల్లకు 9,000 ఏ మూలకు? పైన ఇచ్చిన 3,000 మా సొంత ఖర్చే.

మా పనిలో ఈ సబ్సిడీ విలువ మొదటి ఆర్నెల్లలో తెలుస్తుంది. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ అంటే 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 20 నిమిషాలు అని వచ్చిన పిల్లలంతా గడగడా చెప్తారు. కానీ కాలేజీలో ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూసిన ప్రాక్టికల్స్ అవి. క్రిములు పడకుండా శుభ్రమైన గాలి వీచే ల్యామినార్ ఫ్లో ముందు కూర్చోబెడితే చేతులు వణుకుతాయి. మొదటి నెలలో శిలీంద్రం పెంచడానికి వాళ్లు అగర్ జెల్లీ పోసిన ప్లేట్లలో సగానికి పైగా వేరే క్రిములు చేరి కంటామినేట్ అయ్యి పారేయాల్సిందే. అగర్, కరెంటు, పక్కన కూర్చుని నేర్పే సీనియర్ సమయం, అన్నీ ఖర్చే. అంత ఖర్చు పెట్టుకుని కొత్తవాళ్లకు నేర్పే ధైర్యం చిన్న యూనిట్‌కు ఉండదు. ఆ 4,500 వల్లే మేం ఓపిక పట్టగలిగాం.

2022 వానాకాలంలో జరిగింది చెప్తాను. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన అమ్మాయికి అప్పుడు ఏడో నెల. పెరిగిన కల్చర్‌ని, అంటే ల్యాబ్‌లో పెంచిన ట్రైకోడెర్మాని, టాల్క్ పొడిలో కలపడానికి అంతా సిద్ధం చేశాం. ఆ అమ్మాయి ఒక ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, ఇది మన పచ్చ కాదు సార్" అంది.

"ఎట్ల చెప్తున్నవమ్మా?"

"మనది ఇంతకు ప్లేటంతా పరుచుకోవాలె సార్. ఇది మచ్చలు మచ్చలుగనే ఆగింది."

నేను చూస్తే నాకూ మొదట పచ్చగానే కనిపించింది. ట్రైకోడెర్మా ముందు తెల్లగా దూదిలా పాకి, మూడు నాలుగు రోజులకు వలయాలుగా పచ్చబడుతుంది. ఇందులో మాత్రం చిన్న చిన్న గుండ్రని మచ్చలు, నీలం కలిసిన పచ్చ, చుట్టూ సన్నటి తెల్ల అంచు. మైక్రోస్కోప్ కింద పెడితే కుంచెల్లాంటి కొమ్మలు. పెనిసీలియం అనే వేరే బూజు! మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ ట్రైకోడెర్మా కణాలు ఉండాలి. ఆ కల్చర్ కలిపి ఉంటే 200 కిలోల పొడి పాడయ్యేది. తెలియక అమ్మి ఉంటే ఏ రైతు తోటకు ఏమయ్యేదో! ఈ రోజు మా క్వాలిటీ పనంతా ఆ అమ్మాయే చూస్తోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదట్లో స్టైపెండ్ మొత్తం మేమే ఇచ్చి, కేంద్రం వాటా మూడు నెలలకోసారి క్లెయిమ్ చేసుకునేవాళ్లం. మా హాజరు పట్టీకి, బ్యాంకు స్టేట్‌మెంట్‌కు తేదీలు కలవక తొలి క్లెయిమే వెనక్కి వచ్చింది. ఆ నెలలు చాలా టెన్షన్‌గా గడిచాయి. తర్వాత కేంద్రం వాటా నేరుగా పిల్లల ఖాతాలోనే వేసే పద్ధతి వచ్చింది. మాకు పని తగ్గింది కానీ ఒక అబ్బాయి ఖాతా ఆధార్‌తో లింకు కాలేదు. నెలల తరబడి డబ్బు రాలేదు. వాళ్లింట్లో మేమే తినేశామనుకున్నారు. కాగితాలన్నీ పట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లి నాన్నగారికి చూపించి వచ్చాను. ఇప్పుడు ఎవరు చేరినా మొదటి రోజే బ్యాంకుకు పంపిస్తున్నాం. ఇంకో మాట: రిజిస్ట్రేషన్ ఉచితం. తలకింత అని అడిగిన మధ్యవర్తి మాకూ తగిలాడు, మీరు ఇవ్వకండి.

తొమ్మిది మందిలో ముగ్గురు మా దగ్గరే ఉన్నారు. నలుగురు హైదరాబాద్ వెళ్లారు, అందులో ఇద్దరు అక్కడి బయోటెక్ సంస్థల ప్రాంతం జీనోమ్ వ్యాలీలో ఉన్నారు. ఒకరు ఎమ్మెస్సీలో చేరారు, ఒకరు మధ్యలో మానేశారు. వెళ్లిపోయినప్పుడల్లా బాధేస్తుంది. అయినా పని చేతికొచ్చిన పిల్లను ఆపే హక్కు మనకు లేదు. నాకు కోపం తెప్పించేది వేరే. ఏడాదంతా సీసాలు కడిగించి, లేబుళ్లు అతికించి పంపించేసి, మళ్లీ కొత్తవాళ్లను తెచ్చుకునే యజమానులున్నారు. నేర్పే ఉద్దేశం లేకపోతే దయచేసి ఈ పథకం జోలికి వెళ్లకండి.

ఉన్న ముగ్గురిలో ఇద్దరిని గత ఏడాది ఆగస్టు తర్వాతే పీఎఫ్‌తో ఉద్యోగంలోకి తీసుకున్నాం, జీతం 16,000. కొత్త ఉద్యోగాలకు కేంద్రం ప్రోత్సాహకం ఇచ్చే ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 వరకు చేరినవాళ్లకు వర్తిస్తుంది. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకుని ఆర్నెల్లు ఉంచాలి. ఈ స్థాయి జీతానికి యజమానికి మనిషికి నెలకు 2,000 చొప్పున రెండేళ్లు, తయారీ రంగానికైతే నాలుగేళ్లు వస్తుంది. మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకు ఒక నెల జీతం, గరిష్ఠంగా 15,000, రెండు విడతల్లో ఇస్తారు. అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు పీఎఫ్ లేదు కాబట్టి మా పిల్లలిద్దరూ మొదటిసారి చేరినవాళ్లే అయ్యారు. పీఎఫ్ రిటర్ను ప్రతి నెలా 15వ తేదీలోపు వేయడం మాత్రం మరిచిపోకూడదు. రెండో విడత కోసం చేయాల్సిన ఆర్థిక అక్షరాస్యత కోర్సును ఇద్దరూ ఇప్పటి నుంచే మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్‌లో కూర్చుని చూస్తున్నారు.