సీతాఫలానికి పాలమూరు, బత్తాయికి నల్లగొండ: ఏది ఎక్కడ, ఏ వేళకు కొనాలి

హైదరాబాద్ నుంచి కూరగాయలు, పండ్ల కోసమే పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ వైపు వచ్చేవాళ్లు ముందు ఏం కొనాలో తేల్చుకోవాలి. సరుకును బట్టి ఊరు, ఊరిని బట్టి బయల్దేరే వేళ మారుతాయి. దసరా, దీపావళి మధ్య వస్తే సీతాఫలం, బత్తాయి రెండూ దొరుకుతాయి. కానీ రెండిటినీ ఒకే రోజు పెట్టుకోవద్దు. పాలమూరుకు బెంగళూరు హైవే, నల్లగొండకు విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాకా పోయి తిరగాలి. ఒక్కోటి సుమారు వంద కిలోమీటర్లే గానీ దిక్కులు వేరు.

సీతాఫలానికి మహబూబ్‌నగర్ పట్నం దాకా పోనక్కర్లేదు. షాద్‌నగర్ దాటాక వచ్చే బాలానగర్ పేరు మీద ఒక రకమే ఉంది. సీజన్‌లో రోడ్డు పక్కనే గంపలు పెట్టి అమ్ముతారు. కాయ మీది కళ్లు విచ్చుకొని, వాటి నడుమ గీతలు తెల్లగానో లేత పసుపుగానో కనబడాలి. కళ్లు దగ్గరదగ్గరగా బిగుసుకొని ఉన్న కాయ ముదరకముందే తెంపింది. అది పండదు, నల్లబడి గట్టిపడుతుంది. గంప లెక్కన కొనేటప్పుడు పైన పెద్దవి, కింద చిన్నవి ఉంటాయి కాబట్టి కింద పోసి చూపించమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మెత్తబడ్డవి ఆ రోజుకు సరిపడా చాలు, మిగతావి గట్టివే తీసుకోండి. గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెడితే రెండు మూడు రోజుల్లో పండుతాయి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది, లోపల సరిగా పండదు.

బత్తాయి విషయంలో రంగును నమ్మొద్దు. వేడి ప్రాంతం కాబట్టి ముదిరిన కాయ కూడా ఆకుపచ్చగానే ఉండొచ్చు. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో పట్టుకుంటే బరువున్నదాంట్లో రసం ఎక్కువ. తొక్క మందంగా, గరుగ్గా, ఉబ్బినట్టు ఉంటే లోపల బెండు. రసం తీసేటప్పుడు గింజలు నలిగితే కాసేపటికే చేదెక్కుతుంది, తీసిన వెంటనే తాగేయాలి. నిమ్మకాయలు బస్తా లెక్కన కావాలంటే నకిరేకల్ మార్కెట్ ఉంది. ఇంటికి రెండు కిలోలు కావాలన్నవాళ్లు అంత దూరం పోవడం దండగ.

కూరగాయలకు రైతుబజారే మేలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన పద్ధతి ఇది. గుర్తింపు కార్డున్న రైతు నేరుగా అమ్ముతాడు, ధర బోర్డు మీద రాసి ఉంటుంది. లోపలికి పోగానే ఆ బోర్డు ఫోటో తీసుకోండి, దుకాణం దుకాణానికీ బేరమాడే పని తప్పుతుంది. ఎక్కువ అడిగితే బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ దగ్గరికి పోవచ్చు. రెండు మూడు రకాలే పెట్టుకొని కూర్చున్న మనిషి సొంత పంట తెచ్చినట్టు. ఆలుగడ్డ, క్యారెట్, క్యాబేజీ బస్తాల్లో ఉన్నచోట అది హోల్‌సేల్ సరుకు. అందులో తప్పేం లేదు గానీ తాజాదనం ఆశించొద్దు. కాంటా సున్నా చూపించాకే తూకం వేయమనండి.

పుంటికూర, తోటకూర, గంగవాయిలి కూర పొద్దున ఆరు, ఏడు గంటలకే బాగుంటాయి. పది దాటితే వాడిపోయినవే మిగులుతాయి. నీళ్లు చల్లిన కట్టను అలాగే పాలిథిన్ కవర్లో కడితే సాయంత్రానికి కుళ్లుతుంది. దులిపి పేపర్లో చుట్టి గుడ్డ సంచిలో పెట్టాలి. గోకరకాయ విరిస్తే టక్కున తెగాలి, పీచు సాగితే ముదిరింది.

ఆకుకూరల కోసమే అయితే ముందురోజు రాత్రి ఉండాల్సిందే. రెండు పట్నాల్లోనూ బస్టాండు దగ్గర లాడ్జి తీసుకోవడం నయం, పొద్దున్నే ఆటో కోసం వెతకనక్కర్లేదు. గది 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలా అన్నది ముందే అడగండి. పండ్ల కోసమైతే రాత్రి ఉండే ఖర్చు వృథా.

తిరుగు ప్రయాణానికి రైలు కన్నా ఆర్టీసీ బస్సే మా ఓటు. నల్లగొండకు సికింద్రాబాద్–గుంటూరు లైనులో, మహబూబ్‌నగర్‌కు కాచిగూడ నుంచి రైళ్లున్నా వాటి వేళలు బజారు వేళతో కుదరడం కష్టం. బస్సు డిక్కీలో బత్తాయి, ఆలుగడ్డ వేయొచ్చు. సీతాఫలం, టమాట మాత్రం ఒడిలోనో కాళ్ల దగ్గరో పెట్టుకోండి. అట్టపెట్టెలో రెండు వరసలకు మించి పేర్చితే కింది వరస నలిగిపోతుంది.