రేడియోలో టైగర్స్ ఆటలు: రెండు సీజన్ల తరువాత

బేస్‌బాల్‌ను టీవీలో చూడటం మేలా, ఫోన్‌లో చూడటం మేలా అన్న చర్చ మా మిత్రుల మధ్య తరచూ వస్తుంటుంది గానీ, పిచ్చింగ్ (బ్యాటర్‌కు బంతి విసరడం) మీద మక్కువతో ఆటను వెంబడించేవారికి మామూలు ఎఫ్‌ఎం రేడియోను మించినది లేదని 2024, 2025 సీజన్లు పూర్తిగా విన్నాక నాకు గట్టిగా అనిపిస్తోంది. మేము ఉండేది డిట్రాయిట్ శివారులో. టైగర్స్ జట్టు ఆటలు ఇక్కడ 97.1 ఎఫ్‌ఎంలో వస్తాయి. చందా కట్టనవసరం లేదన్నది నిజమే, కానీ నా ఇష్టానికి అసలు కారణం అది కాదు. పిచ్చర్ చేతిలోంచి బంతి వదిలిన కబురు రేడియోలో దాదాపు వెంటనే చెవిన పడుతుంది. ఇంటర్నెట్ ద్వారా వచ్చే ప్రసారంలో అది అర నిమిషమో, అంతకన్నా ఎక్కువో వెనకబడి వస్తుంది.

ఆ అర నిమిషం పెద్ద విషయమా అని అడిగేవారు ఉంటారు. పిచ్చింగ్‌లో రుచి అంతా బంతికీ బంతికీ మధ్య ఉండే ఎదురుచూపులో ఉంది. రెండు స్ట్రైకులు పడ్డాక (మూడోది పడితే బ్యాటర్ అవుట్, అదే స్ట్రైకవుట్) వచ్చేది వేగంగా దూసుకొచ్చే ఫాస్ట్‌బాలా, నెమ్మదిగా వచ్చి మోసగించే ఛేంజప్పా అని బ్యాటర్‌తో పాటు మనమూ లెక్కలు వేసుకుంటున్నప్పుడు, ఫలితం ముందే తెలిసిపోతే ఇక వినడానికి మిగిలేది ఉండదు.

2025 మే 25, మెమోరియల్ డే ముందరి ఆదివారం నాడు ఇది నాకు బాగా తెలిసివచ్చింది. టైగర్స్ సొంత మైదానం కొమెరికా పార్కులో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ మీద టైగర్స్ పిచ్చర్ టారిక్ స్కూబల్ బంతులు వేస్తున్నాడు. ఇంట్లో పనులు చూసుకుంటూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక ప్రసార సేవలో వింటున్నాను. ఆట నడిమికి వచ్చేసరికి స్ట్రైకవుట్లు పెరుగుతున్నాయి, ఒక్క వాక్ (నాలుగు గురితప్పిన బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్) కూడా ఇవ్వలేదు, బంతుల లెక్క చూస్తే ఆశ్చర్యపోయేంత తక్కువగా ఉంది. సరిగ్గా అక్కడే ఫోన్‌లో స్కోరు సందేశాలు ప్రసారాన్ని దాటుకుని ముందుకు రావడం మొదలైంది. వ్యాఖ్యాత ఇంకా బ్యాటర్ పేరు చెబుతుండగానే ఆ బ్యాటర్ అవుటయ్యాడన్న అక్షరాలు తెర మీద మెరిసేవి. వాటిని ఆపేద్దామని సెట్టింగులలోకి వెళితే ప్రసారమే నిలిచిపోయి, తిరిగి అందుకునేసరికి ఇంకొంత వెనకబడింది. స్కూబల్ తన వృత్తిజీవితంలో అంతవరకూ ఒక్క ఆటనూ తొమ్మిది ఇన్నింగ్స్‌ల పాటు తానొక్కడే పూర్తిచేయలేదు. ఆ రోజు పూర్తిచేసేలా ఉన్నాడు. దాన్ని ఫోన్ సందేశంలో చదవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేకపోయింది.

గరాజ్‌లోకి వెళ్ళి, కారులో కూర్చుని రేడియో పెట్టాను. చివరి ఇన్నింగ్స్ నేను విన్నది అక్కడే. ఆఖరి బంతి ఆ ఆటలో స్కూబల్ వేసిన 94వది, గేబ్రియల్ ఏరియస్‌కు వేసినది. దాని వేగం గంటకు 102.6 మైళ్ళు. అప్పటికే అలసిపోయి ఉండవలసిన చేయి, ఆట చివరి బంతిని ఆ వేగంతో వేసింది! అది స్ట్రైకవుట్, మొత్తం 13. రెండే హిట్లు, ఒక్క వాక్ కూడా లేదు, 5-0 గెలుపు. వందలోపు బంతులతో షటౌట్ (ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వని ఆట) పూర్తిచేయడాన్ని పాత తరం పిచ్చర్ గ్రెగ్ మాడక్స్ పేరు మీద ‘మాడక్స్’ అని పిలుస్తారు. మాడక్స్ ఎప్పుడూ వేగాన్ని నమ్ముకుని నెగ్గినవాడు కాదు, స్కూబల్ మాత్రం అదే పొదుపును ఇంతటి వేగంతో సాధించాడు. అంచెలంచెలుగా పెరుగుతూ వచ్చిన స్టేడియం హోరును, నా కన్నా ముందు ఇంకెవరూ చెప్పేయకుండా, విడిచిన ఊపిరికీ పీల్చిన ఊపిరికీ మధ్య విన్నాను.

రేడియో వ్యాఖ్యానం గురించి కూడా చెప్పాలి. టైగర్స్ రేడియో వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్ 2002లో విరమించిన తరువాత ఆ బాధ్యతను ముఖ్యంగా మోస్తున్న డాన్ డికర్సన్, బంతి ఏ రకమో, స్ట్రైక్ జోన్‌లో (బంతి స్ట్రైక్‌గా లెక్కకు వచ్చే చోటు) ఏ మూలకు వచ్చిందో, క్యాచర్ చేతి తొడుగు ఎటు కదిలిందో వరుస తప్పకుండా చెబుతారు. 2023లో పిచ్ క్లాక్ (బంతి విసరడానికి పిచ్చర్‌కు గడువు పెట్టే గడియారం) వచ్చాక ఆట నిడివిలో సగటున అరగంటకు కాస్త తక్కువ సమయం తగ్గిపోయింది కాబట్టి, బంతుల మధ్య పాత కబుర్లకు చోటు కుదించుకుపోయింది. నాకు అది లోటుగా అనిపించదు. పిచ్చర్ లయ చెడకుండా వినబడుతోంది.

అయితే 2024లో స్కూబల్ 18 గెలుపులు, 2.39 ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున పిచ్చర్ ఇచ్చిన పరుగులు), 228 స్ట్రైకవుట్లతో అమెరికన్ లీగ్ ట్రిపుల్ క్రౌన్ (ఈ మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం) సాధించినప్పుడు రేడియో ఒక్కటే చాలునని నేను అందరితో అన్న మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. అతడి ఛేంజప్ చెవికి పూర్తిగా అందదు. క్రికెట్‌లో మంచి పేసర్ చేతి ఊపు మార్చకుండా స్లో బంతి వేసినట్టు, అదే ఊపుతో వచ్చి చివరి క్షణాన జారిపోయే ఆ బంతికి బ్యాటర్ ముందుకు తూలిపోవడం కళ్ళారా చూడవలసిందే. అందువల్ల ఆట విన్నాక మర్నాడు ముఖ్యమైన స్ట్రైకవుట్లను వీడియోలో చూడటం అలవాటు చేసుకున్నాను. 2025 అక్టోబరు 10న సియాటిల్‌లో స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లలో 13 మందిని స్ట్రైకవుట్ చేసి, అందులో ఏడుగురిని వరుసగా పంపి, 2-1 ఆధిక్యంతో దిగిపోయాక, టైగర్స్ 15 ఇన్నింగ్స్‌లలో 3-2తో ఓడిపోయిన ఆటలో మాత్రం నేను టీవీ వదలలేదు. మా డిట్రాయిట్ గడియారంలో అర్ధరాత్రి దాటి ఒంటిగంట వరకూ సాగిన ఆటను మాటలతోనే మోయడం నా వల్ల కాదనిపించింది.

కాబట్టి నా సిఫారసు నా పరిస్థితులకు కట్టుబడినదే. జట్టు సొంత ఊరిలో ఉంటూ, సాయంత్రాలు వంటింట్లోనో కారులోనో గడిపేవారికి, ఒక్క పిచ్చర్ మీద ప్రేమతో సీజన్ మొత్తం వెంబడించేవారికి రేడియో ఎంతో సంతృప్తినిస్తుంది. బ్యాటింగ్, ఫీల్డింగ్ ఎక్కువ ఇష్టపడేవారికి ఇంత నచ్చకపోవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి వినాలనుకునే బంధువులకు ఈ ఎఫ్‌ఎం అందదు. ఇక్కడ సాయంత్రం 6:40కి మొదలయ్యే ఆట అక్కడ తెల్లవారుజామున 4:10 అవుతుంది, ఇంటర్నెట్ ప్రసారమే దిక్కు. వారు ఆట మొదలవకముందే స్కోరు సందేశాలన్నీ ఆపేసుకుంటే, ఆలస్యంగా వచ్చే ప్రసారం కూడా చాలావరకు బాగానే ఉంటుంది.