బ్రిటన్ రైలు టికెట్: ధర మండిపోతుంది, దారిలో మాత్రం వదిలెయ్యదు

అమ్మాయి కాపురం లీడ్స్‌లో కాబట్టి కొన్నేళ్ళుగా మా వేసవి మకాం అక్కడే. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి వెళ్ళిపోయాక ఇంట్లో కూర్చుని గోడలు చూడటం ఇష్టంలేక నేనూ మావారూ రైలెక్కి తిరగడం మొదలుపెట్టాం. యాప్‌లో టికెట్ ఎలా కొనాలి, గేటు దగ్గర క్యూఆర్ కోడ్ ఎలా చూపించాలి, ఇవన్నీ ఎక్కడ వెతికినా దొరుకుతాయి, వాటి జోలికి పోను. ఇక్కడి రైళ్ళలో నాకు బాగా నచ్చిన సంగతి ఒక్కటుంది. టికెట్ మీద ఏ ఊరు రాసుంటే ఆ ఊరు చేర్చేదాకా బాధ్యత వాళ్ళదే. మధ్యలో రెండు మూడు రైళ్ళు మారినా, అవి వేరువేరు కంపెనీలవైనా సరే. రూల్ పుస్తకంలో ఉంది అంటే నేనూ పట్టించుకునేదాన్ని కాదు, రూల్స్‌కేం, మన దగ్గరా బోలెడున్నాయి. మాకే జరిగింది కాబట్టి చెబుతున్నా.

ఎడిన్‌బరా చూసుకుని సాయంత్రం లేక్ డిస్ట్రిక్ట్ అనే సరస్సుల ప్రాంతంలో ఉన్న విండర్‌మియర్‌కి బయలుదేరాం. నేరుగా రైలుండదు. ఆక్సెన్‌హోమ్‌లో దిగి, కెండల్ మీదుగా వెళ్ళే చిన్న రైలు పట్టుకోవాలి. (స్టేషన్ బోర్డు మీద ఆక్సెన్‌హోమ్ లేక్ డిస్ట్రిక్ట్ అని గొప్పగా రాసుంటుంది గానీ చుట్టుపక్కల సరస్సు కాదు కదా చిన్న నీళ్ళగుంట కూడా కనబడదు.) మా టికెట్ ఎడిన్‌బరా నుంచి విండర్‌మియర్ దాకా ఒకటే, అడ్వాన్స్ రకం, అంటే ఫలానా టైము రైలుకే చెల్లేది.

లాకర్బీ దాటిన కాసేపటికి బండి ఆగిపోయింది. ముందెక్కడో గాలికి చెట్టు కొమ్మ విరిగి పైనున్న కరెంటు తీగల మీద పడిందని గార్డు మైకులో చెప్పాడు. అరగంటైంది, గంటైంది, బయట గొర్రెలు తప్ప ఏమీ లేవు, అవి కూడా చీకట్లో కలిసిపోయాయి. ఆఖరి విండర్‌మియర్ రైలు దొరకదని ఫోన్‌లో చూసుకుంటూనే ఉన్నాం. మావారికి టెన్షన్ మొదలైంది. "అమ్మాయికి ఫోన్ చెయ్యనా?" అన్నారు. "ఎందుకండీ, అక్కడ వాళ్ళు కూడా కంగారు పడటానికా?" అన్నాను గానీ నాకూ లోపల గుబులుగానే ఉంది, అడ్వాన్స్ టికెట్ కదా, రైలు తప్పితే డబ్బులు గోవిందా అని ఎక్కడ చదివినా అదే మాట. ఇంతలో గార్డు పెట్టెలన్నీ తిరుగుతూ ఎవరెవరు ఎక్కడ దిగి ఎటు మారాలో అడిగి కాగితం మీద రాసుకుని వెళ్ళాడు. ఎందుకు రాసుకున్నాడో అప్పుడు అర్థం కాలేదు.

ఆక్సెన్‌హోమ్‌లో దిగేసరికి సన్నగా తుంపర. నారింజరంగు కోటు వేసుకున్న ఒకాయన ప్లాట్‌ఫాం మీద నిలబడి "విండర్‌మియర్? కెండల్?" అని కేకేస్తున్నాడు, అచ్చం మన ఆటో స్టాండులో లాగే. ఫోన్ తీసి టికెట్ చూపించబోతే సరిగా చూడను కూడా చూడలేదు, తలలు లెక్కపెట్టి బయట ఆగున్న టాక్సీల వైపు చెయ్యి చూపించాడు. మాతోపాటు ఒక కాలేజీ కుర్రాడూ, కుక్కని ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడా ఎక్కారు. ఆవిడని స్టేవ్లీలో వాళ్ళ వీధి చివర, మమ్మల్ని విండర్‌మియర్‌లో దించాడు. మావారు పర్సు తీస్తే డ్రైవరు నవ్వి, రైల్వే వాళ్ళిచ్చిన చీటీ చూపించాడు, అంతే. తర్వాత చూస్తే షరతుల్లో స్పష్టంగానే ఉంది: వాళ్ళ రైలు ఆలస్యం వల్ల కనెక్షన్ తప్పితే అడ్వాన్స్ టికెట్ తోనే తర్వాతి రైలెక్కొచ్చు, ఆ రాత్రికి ఇక రైలే లేకపోతే వేరే వాహనం ఏర్పాటు చెయ్యాలి, అదీ కుదరకపోతే బస చూపించాలి.

అప్పటినుంచి నేను కనెక్షన్లున్న ప్రయాణం ప్లాన్ చేసేటప్పుడు మొదట టికెట్ చివరి ఊరు దాకా ఉందా లేదా అని చూస్తాను. మిగిలిన దూరం బస్సులో పోదాం, రెండు పౌండ్లు మిగులుతాయి అని ఎవరైనా అంటే వినను. బస్సు తప్పితే రైల్వేకి సంబంధం లేదు.

అలాగని అన్ని స్టేషన్లలో నారింజ కోటు మనిషి ఉంటాడనుకోకండి. మనిషన్నవాడే లేని చిన్న స్టేషన్లు బోలెడున్నాయి. అక్కడ హెల్ప్ పాయింట్ అని ఒక మీట ఉంటుంది, నొక్కితే ఎక్కడో కూర్చున్నవాళ్ళు పలుకుతారు. ఆ యాస గాలి హోరులో అర్థం చేసుకోవడం మావారి వల్ల కాదు, నాకూ కష్టమే. ఆ రాత్రి మేం దిగింది కాస్త పెద్ద స్టేషన్ కావడం కూడా కలిసొచ్చింది.

ఇంకో సంగతి. మొదట్లో నేను అడ్వాన్స్ టికెట్లని ఆకాశానికెత్తేదాన్ని. సుమారు 12 వారాల ముందు నుంచి దొరుకుతాయి, ఇండియాలో ఉండగానే కొనేసుకు రండి అని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా చెబుతాను గానీ విమానం దిగే రోజుకి మాత్రం వద్దంటాను. ఎందుకంటే ఈ చేర్చే బాధ్యతంతా రైలుకి రైలు కనెక్షన్ వరకే. విమానం లేటైనా, హీత్రోలో ఇమిగ్రేషన్ క్యూ కదలకపోయినా అది మన ఖర్మ. హైదరాబాద్ నుంచి వచ్చిన మా తెలిసినవాళ్ళు ఇలాగే కింగ్స్ క్రాస్‌లో యార్క్ రైలు పోగొట్టుకుని, అప్పటికప్పుడు కౌంటర్లో ఉన్న రేటుకి మళ్ళీ కొన్నారు. ఆ రేటు చెబితే ఇప్పటికీ ఆయన ముఖం మాడిపోతుంది. ల్యాండయ్యే రోజుకి ఆఫ్-పీక్ తీసుకుంటే ఖరీదెక్కువే, కానీ రద్దీ వేళలు తప్పించి ఏ రైలైనా ఎక్కొచ్చు. వెయిటింగ్ లిస్టు అనే మాటే ఉండదు, మహా అయితే నిలబడాలి. దారిలో దిగి ఊరు చూసుకుని మళ్ళీ ఎక్కడానికి కూడా మామూలుగా వీలుంటుంది, ఎడిన్‌బరా వెళ్తూ మేం డరమ్‌లో దిగి కెథీడ్రల్ చూసింది అలాగే. లండన్-ఎడిన్‌బరా లాంటి కొన్ని దూరపు రూట్లలో ఈ రకం టికెట్లు తీసేశారు కాబట్టి కొనేముందు షరతులు చదువుకోవాలి.

ఆ రాత్రి ఆలస్యానికి పరిహారం కూడా వచ్చింది, కాకపోతే టాక్సీ ఎక్కినంత సుఖంగా రాలేదు. చాలా కంపెనీలు 15 నిమిషాలు ఆలస్యమైతే పావు వంతు, అరగంటకి సగం, సింగిల్, అంటే ఒకవైపు, టికెట్ మీద గంట దాటితే మొత్తం డబ్బు వెనక్కిస్తాయి. ఆలస్యం లెక్క చివరి ఊరు చేరిన టైముని బట్టి. అడగాల్సింది మనమే, 28 రోజుల్లోపు, అదీ ఆలస్యం ఏ కంపెనీ రైలుతో మొదలైందో వాళ్ళనే. చిన్న రైలు వాళ్ళకి పెడితే "మేం కాదు" అని తిప్పి పంపారు. పెద్ద రైలు వాళ్ళ ఫారంలో బ్యాంకు వివరాల దగ్గరికొచ్చేసరికి ఇక్కడి ఖాతా నంబరే పడుతుంది, మన స్టేట్ బ్యాంక్ ఖాతా ఎక్కడ పెడతాం? వేరే దారులు కొన్ని ఉన్నట్టు చూపించింది గానీ, అల్లుడి ఖాతా ఇచ్చేసి ఊరుకున్నాం. ఇక్కడ సొంతవాళ్ళెవరూ లేని టూరిస్టులకి ఇది తలనొప్పే. కాగితం టికెట్ అయితే చివరి స్టేషన్ గేటు మింగేస్తుంది కూడా, ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

ధరల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పౌండ్లని రూపాయల్లోకి మార్చడం మానేశాకే మావారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. మాకు పనికొచ్చింది టూ టుగెదర్ రైల్‌కార్డు, 2025 మార్చి నుంచి 35 పౌండ్లు, ఏడాదంతా ఇద్దరికీ మూడో వంతు తగ్గుతుంది, విదేశీయులైనా కొనొచ్చు. ఇద్దరూ కలిసే ఎక్కాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9:30 లోపు చెల్లదు. రిటైరైనవాళ్ళం, తీరిగ్గా టిఫిన్ చేసి బయలుదేరతాం కాబట్టి మాకది అడ్డంకి కాలేదు. తెల్లవారుజామునే లేచి లండన్ వెళ్ళిరావాలనుకునేవాళ్ళకి అవుతుంది. 60 దాటినవాళ్ళకి సీనియర్ కార్డు వేరే ఉంది, కాకపోతే మనిషికొకటి కొనాలి.

నాకు ఇప్పటికీ అలవాటు కానిది ప్లాట్‌ఫాం నంబరు ఆఖరి నిమిషంలో చెప్పడం. లండన్ యూస్టన్‌లో జనమంతా బోర్డుకేసి మెడలెత్తి నిలబడి, నంబరు పడగానే పరుగో పరుగు. తలుపులు బయలుదేరే టైము కంటే ముందే మూస్తారు. లీడ్స్‌లో అయితే ప్లాట్‌ఫాం 12 అని తెలిస్తే చాలదు, 12ఏ లో ఎక్కాలా, 12డీ లోనా చూసుకోవాలి, ఒకే ప్లాట్‌ఫాం మీద రెండు రైళ్ళు వేరే ఊళ్ళకి నిలబడుంటాయి. ఇక ఆదివారాలు, బ్యాంకు సెలవుల్లో మరమ్మతులని చెప్పి రైలు బదులు బస్సు వేస్తారు, డిసెంబర్ 25న రైళ్ళే ఉండవు. పిల్లల దగ్గరికి క్రిస్మస్ సెలవులకి వచ్చేవాళ్ళు ఆ రోజుకి ఏమీ పెట్టుకోవద్దు.

మా మరిది వాళ్ళు వచ్చే ఏడాది వారం రోజుల కోసం వస్తున్నారు, లండన్, బాత్, యార్క్, ఎడిన్‌బరా, కుదిరితే ఇన్వర్నెస్ అంటున్నారు. విదేశీయులకి మాత్రమే అమ్మే బ్రిట్‌రైల్ పాస్ కొనుక్కోమని వాళ్ళకి నేనే చెప్పాను, రోజూ దూరాలు తిరిగేవాళ్ళకి అది గిట్టుబాటవుతుంది, ఫలానా రైలే అన్న బెంగ ఉండదు. మేం మాత్రం దాని జోలికి పోలేదు. నెలలో ఒకటి రెండుసార్లు కదిలేవాళ్ళం, మిగతా రోజులంతా మనవరాలిని బడికి దిగబెట్టి తీసుకురావడమే పని.