సీతాకోకచిలుకలకి ఒకే కుండీ పెట్టాలంటే: కరివేపాకా, నిమ్మా, జిల్లేడా?

డాబా మీద నూరువరహాలు, బిళ్ళగన్నేరు, బంతి పెడితే సీతాకోకచిలుకలు వస్తాయి. తేనె తాగి పక్కింటికి పోతాయి. పూలమొక్క వాటికి టీకొట్టు లాంటిది, పురిటికి మాత్రం పుట్టిల్లు కావాలి. ఒక్కో జాతి గుడ్లు పెట్టే ఆకులు వేరు. పిల్లపురుగుకి ఆ ఆకు దొరక్కపోతే ఆకలితో చస్తుంది. అందుకే ఒక్క పెద్ద కుండీకే చోటుంటే నేనైతే ఆకుమొక్కే పెడతాను. మరి ఏ ఆకు?

కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబం. రెంటి మీదా నిమ్మ సీతాకోకచిలుక, కామన్ మార్మన్ అనే మరో జాతి సీతాకోకచిలుక గుడ్లు పెడతాయి. పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, అందుకే పిట్టలు పట్టించుకోవు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. అంతే, కుట్టదు, దురద పెట్టదు. దురద తెచ్చేవి ఒళ్ళంతా వెంట్రుకలుండే బొంతపురుగులు, అవి వేరు.

తేడా అంతా వంటింట్లోనే. కుండీలోని కరివేపాకును నాలుగు పురుగులు కలిస్తే వారంలో బోడిగా చేసేస్తాయి. మా ఇంట్లో అమ్మ "నీ పురుగులకా, నా పోపుకా?" అని నిలదీసింది. గొడవెందుకని వేపనూనె కొట్టాను. పురుగులు పోయాయి, వాటితోపాటే సీతాకోకచిలుకలూ పోయాయి. నిమ్మాకు కోసం మాత్రం ఇంట్లో ఎవరూ కొట్లాడరు. పిండేసిన నిమ్మకాయ గింజ నాటినా చాలు. కాయలకి ఏళ్ళు పడితే పట్టనివ్వండి, మనకి కావలసింది ఆకే. లేత చిగురంటే వాటికి ఇష్టం కాబట్టి అప్పుడప్పుడు కొసలు తుంచుతూ ఉండాలి.

అందానికైతే జిల్లేడే. దాని మీద పెరిగే ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పురుగుకి నలుపు, తెలుపు, పసుపు చారలు, మూడు జతల నల్లటి కొమ్ములు. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో సీతాకోకచిలుకలో ఆడది, విషం లేకపోయినా, రెక్కలొచ్చిన ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుని బతికేస్తుంది! కానీ జిల్లేడు వేరు లోతుకు దిగుతుంది, కుండీలో ఇమడదు. పాలు కంట్లో పడితే ప్రమాదం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. పక్కన ఖాళీ స్థలంలో ఉన్నదాన్ని పీకించకుండా కాపాడుకుంటే చాలు, రథసప్తమి ఆకులకీ పనికొస్తుంది.

ఇంట్లో రణపాల ఉంటే అదీ ఒక పుట్టిల్లే. రెడ్ పియరో అనే సీతాకోకచిలుక పురుగు ఆకు లోపలే దూరి తింటుంది. ఆకు పాలిపోయిందని, తెగులనుకుని కోసిపారేయకండి.

మొత్తానికి నా ఓటు నిమ్మకే, రెండో కుండీకి చోటుంటే కరివేపాకుకి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కయితే ముందే మందు కొట్టి ఉండొచ్చు. పాత ఆకు పోయి కొత్త చిగురు వచ్చేదాకా ఆగండి. గుడ్డు నుంచి రెక్కలదాకా సుమారు నెల పడుతుంది. పురుగులు కనిపించకుండా పోతే చచ్చాయనుకోకండి. ప్యూపాగా (పురుగుకీ సీతాకోకచిలుకకీ మధ్య దశ) మారే ముందు కొన్ని మొక్క దిగి కుండీ అంచుకో, గోడకో అంటుకుంటాయి. ఆ రోజుల్లో డాబా కడిగేటప్పుడు చీపురు కాస్త చూసి వాడండి.