వదిలేసి వెళ్ళినవారి నుంచి విడాకులు: ఏ దారి మేలు?

భార్యో భర్తో ఇల్లు వదిలి వెళ్ళి రెండేళ్ళు దాటితే విడాకులు వాటంతట అవే వచ్చేస్తాయని మనలో చాలామంది నమ్మకం. రావు. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, కేసు వేసే నాటికి కనీసం రెండేళ్ళుగా ఎడతెగకుండా వదిలేసి ఉండాలి. అలా వెళ్ళడానికి సరైన కారణం ఉండకూడదు, మీ సమ్మతీ ఉండకూడదు. ఇదంతా రుజువు చేయాల్సింది కేసు వేసినవారే.

అవతలి మనిషి ఫోన్ ఎత్తి మాట్లాడుతున్నంతవరకు పరస్పర అంగీకారమే, అంటే మ్యూచువలే మేలని నా గట్టి అభిప్రాయం. దానికి ఏడాది విడిగా ఉంటే చాలు. ఎవరు ఎవరిని వదిలేశారన్న ప్రశ్నే రాదు. మొదట వేసే పిటిషన్‌కీ, విడాకులు ఇవ్వమని ఇద్దరూ మళ్ళీ కోర్టును అడిగే రెండో మోషన్‌కీ మధ్య ఆరు నెలలు ఆగాలి. అయితే ఒకటిన్నర ఏడాదికి పైగా విడిగా ఉండి, భరణం, పిల్లల సంగతి తేల్చుకున్నవారికి కోర్టు ఆ గడువును మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందులో ఉన్న చిక్కల్లా, డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే నగలు ఎప్పుడు తిరిగివ్వాలో, డబ్బు ఏ విడతలో ఎంతో కాగితం మీద రాయించుకోండి. చివరి విడత డీడీ రెండో మోషన్ రోజున కోర్టులోనే చేతులు మారేలా చూసుకోండి.

అవతలివాళ్ళు మాటకే రాకపోతే మిగిలేది డిజర్షన్ కేసు, అంటే వదిలేసి వెళ్ళారని చూపి విడాకులు అడగడం. విడిగా ఉన్నామని చూపిస్తే ఇక్కడ సరిపోదు, కాపురాన్ని శాశ్వతంగా తెంచుకోవాలన్న ఉద్దేశం అవతలివారికి ఉందనీ చూపాలి. బిపిన్‌చంద్ర షా కేసులో 1956లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. ఆ కేసులో భార్యను తమ ఇంటికి పంపవద్దని భర్త మామగారికి టెలిగ్రామ్ ఇచ్చాడు. అదే అతనికి ఎదురు తిరిగింది, కేసు ఓడిపోయాడు. ఇవాళ ఆ టెలిగ్రామ్ స్థానంలో వాట్సాప్ ఉంది. కోపంలో ‘ఇక మా గడప తొక్కొద్దు’ అని పంపిన ఒక్క మెసేజ్ చాలు, వదిలేసింది ఎవరన్న లెక్క తారుమారవడానికి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు అడిగేదీ ఇలాంటివే: తీసుకురావడానికి ఎప్పుడు వెళ్ళారు? వెంట ఎవరున్నారు? రమ్మని నోటీసు ఇచ్చారా? రిజిస్టర్డ్ పోస్టు రసీదులు, తిరిగొచ్చిన కవర్లు, పంచాయితీలో కూర్చున్న పెద్దల సాక్ష్యం అప్పుడు అక్కరకొస్తాయి.

కొట్టి, వేధించి బయటికి పంపేస్తే పుట్టింట్లో తలదాచుకున్న ఆడపిల్ల తనే కాపురం వదిలేసిందని భయపడక్కర్లేదు. ఉండలేని పరిస్థితి తెచ్చినవాడే వదిలేసినవాడని చట్టం చూస్తుంది. 2003 సవరణ తర్వాత ఆమె తాను ఉంటున్న ఊరి కోర్టులోనే కేసు వేయవచ్చు. కేసు నడుస్తుండగానే మధ్యంతర భరణం అడగవచ్చు.

భర్త అమెరికాలో ఉండిపోయి అక్కడి కోర్టు కాగితం పంపినా కంగారు పడి సంతకాలు పెట్టకండి. తిరుపతిలో పెళ్ళైన ఒక జంట విషయంలో మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు అందుకున్న వెంటనే లాయరును కలవండి.

మూడో దారి అదే హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 9, కాపురానికి రమ్మని వేసే కేసు. దీన్ని 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాదే సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది. డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కాపురం కలవకపోతే దాని మీదే విడాకులు అడగవచ్చు గనుక దీన్ని అడ్డదారిగా వాడేవారున్నారు. నాకది నచ్చదు. ముందు ఆ కేసు గెలవాలి, తర్వాత ఏడాది ఆగాలి, ఆపైన మళ్ళీ ఇంకో కేసు. నిజంగా కలిసి బతకాలని ఉంటేనే వేయండి.

మనిషి జాడే తెలియకపోతే పేపర్ ప్రకటన ద్వారా నోటీసు ఇచ్చి ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అవతలివారు రాకపోయినా ఇచ్చే డిక్రీ తెచ్చుకోవచ్చు. కానీ చిరునామా తెలిసీ దాస్తే ఆ డిక్రీ తర్వాత రద్దయ్యే ప్రమాదం ఉంది. డిక్రీ చేతికొచ్చినా, అప్పీలుకున్న 90 రోజుల గడువు దాటేదాకా మళ్ళీ పెళ్ళి పెట్టుకోకండి.