ఎయిర్‌పోర్టుల మధ్య దూరం చెప్పే సైట్లు: నాలుగేళ్లు వాడాక

ఉద్యోగం పని మీద నాలుగేళ్లుగా నెలకు రెండుసార్లయినా ఒక చిన్న ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో చిన్న ఎయిర్‌పోర్టుకు వెళ్లొస్తుంటాను. రెండు పేర్లు కొడితే దూరం, ప్రయాణ సమయం చూపించే సైట్లను అప్పట్నుంచీ వాడుతున్నాను. మూడు నాలుగు మార్చి చూశాను, అన్నిటిదీ ఒకటే తీరు. దూరం సరిగ్గా చెబుతాయి. టైం మాత్రం తప్పే అయినా మహా ధీమాగా చెబుతాయి.

దూరం గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని లెక్కగడతాయి. కొన్ని సైట్లు భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్థమున్న బంతి అనుకుంటాయి, కొన్ని ధ్రువాల దగ్గర నొక్కుకున్న ఆకారాన్నీ లెక్కలోకి తీసుకుంటాయి. నేను తిరిగే 400 కిలోమీటర్లలో ఆ తేడా మహా అయితే రెండు కిలోమీటర్లు. మైళ్లలో చూపిస్తే మాత్రం ఏ మైలో చూసుకోండి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైలు 1.852.

గొడవంతా టైంతోనే. మొదట్లో సైటు 59 నిమిషాలంటే, ఆ లెక్కకే తమ్ముణ్ణి కారు తీసుకుని రమ్మన్నాను. నేను బయటికొచ్చేసరికి వాడు పార్కింగ్‌లో ఓ కునుకు కూడా తీసేశాడు. "అన్నయ్యా, విమానంలోనే వచ్చావా, ఎడ్లబండా?" అన్నాడు.

తర్వాత కూర్చుని చూస్తే తెలిసింది. ఆ సైటు గంటకు 830 కిలోమీటర్లు పోయే జెట్ వేగాన్ని తీసుకుని, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఒక అరగంట కలుపుతోంది. నేనెక్కేది ఏటీఆర్ 72, ప్రొపెల్లర్ల విమానం. గంటకు 510 దాటదు. అంటే 400 కిలోమీటర్లకే 47 నిమిషాలు, అరగంట కలిపితే గంటా పదిహేడు. గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే ఇంకో ఆరు నిమిషాలు పెరుగుతుంది. అదే గాలికి జెట్ పోగొట్టుకునేది రెండు నిమిషాలే. పైగా విమానం గీత గీసినట్టు తిన్నగా పోదు. రన్‌వే ఎటు తిరిగి ఉంటే అటు చుట్టి రావాలి. దూరప్రయాణంలో ఈ చుట్టు లెక్కలోకి రాదు కానీ చిన్న ప్రయాణంలో బాగానే తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. నేరుగా విమానం ఉందా లేదా అన్నది ఈ సైట్లకు పట్టదు. ఒకసారి వేరే ఊరికి "గంటలోపే" అని చూపించింది. టికెట్ తీయబోతే పెద్ద ఎయిర్‌పోర్టులో దిగి మారాలి, మొత్తం ఆరు గంటలు! అందుకే ముందు విమానయాన సంస్థ టైంటేబుల్, తర్వాతే సైటు. టికెట్ మీద రెండు టైములూ ఎక్కడివక్కడి స్థానిక సమయాలని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఊరి పేరు కన్నా ఎయిర్‌పోర్టుకు ఉండే మూడక్షరాల కోడ్ కొట్టడం మేలు. కెనడాలోనూ ఒక సిడ్నీ ఉంది, దాని కోడ్ వైక్యూవై. ఆస్ట్రేలియా సిడ్నీది ఎస్‌వైడీ.

ఇన్ని తెలుసుకున్నాక నా లెక్క దాదాపు కుదురుతోంది. తమ్ముడే నమ్మట్లేదు. విమానం ఎక్కడుందో చూపించే యాప్ పెట్టుకుని, నేను కిందికి దిగడం మొదలెట్టాకే ఇంట్లోంచి బయల్దేరుతున్నాడు.